సందడి లేని వేళ మెదక్ చర్చి

ఒక కట్టడాన్ని చూడబోయేవానికి దారి తెలిస్తే చాలదు, వేళ కూడా తెలియాలి. ఈ చిన్న సంగతి నేర్చుకోవడానికి నాకు ముప్పది అయిదేండ్ల వయస్సు, ఒక అపజయం, మా అమ్మీ కంటి జబ్బు అవసరమైనవి. తరగతిలో ప్రబంధాలలోని పురవర్ణనలు ఎన్ని చెప్పినా, నూరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక ఊరికి కన్నతల్లిని క్షేమంగా తీసుకొని పోయి, చూపదలచినది చూపి, మళ్ళీ ఇల్లు చేర్చడం వేరే విద్య. ఆ విద్యలో నేను మొదట తప్పినాను. ఆ వృత్తాంతమే ఇక్కడ వ్రాస్తున్నాను. మా కళాశాల విద్యార్థులలో ఎవరికైనా ఉపయోగపడితే సంతోషం.

మా అమ్మీ పుట్టిల్లు మెదక్ ప్రాంతంలోని ఒక పల్లె. ఆమె దాదా, అనగా తండ్రికి తండ్రి, యౌవనంలో ఎడ్లబండి తోలేవాడు. మెదక్ లో పెద్ద చర్చి కట్టిన కాలంలో ఆయన తన బండి మీద రాయి తోలినాడని మా ఇంటిలో మూడు తరాలుగా చెప్పుకొంటారు. ఆయన భార్య సున్నపు తట్టలు మోసినదట. అమ్మీకి ఏడెనిమిదేండ్లప్పుడు దాదా ఆమెను ఒకసారి బండి మీద ఎక్కించుకొని చర్చి ఆవరణ దాకా తీసుకొని పోయినాడు. లోపలికి మాత్రం పోలేదు. దుమ్ము కాళ్ళతో అంత నున్నని నేల మీద అడుగు పెట్టడానికి ఆయనకు మనసొప్పలేదట. బయట నిలబడి గోడ వైపు చేయి చూపి, "ఆ రాళ్ళలో ఒకటి నేను తెచ్చినదే" అన్నాడట. "ఏది దాదా?" అని పిల్ల అడిగితే, ముసలాయన నవ్వి, "ఏదో ఒకటి" అన్నాడట.

ఆ లోపలి భాగం ఎట్లా ఉంటుందో చూడాలనే కోరిక అమ్మీ మనసులో అరువదేండ్లకు పైగా ఉండిపోయినది. పెండ్లి, పిల్లలు, నాన్నగారి ఉద్యోగపు బదిలీలు, ఆయన మరణం, మా చదువులు, వీటన్నింటి క్రింద ఆ కోరిక పెట్టె అడుగున మడిచి పెట్టిన పట్టుచీర వలె ఉన్నది. మాతో ఆమె దానిని గురించి నోరు తెరచి అడిగినది లేదు.

2024 డిసెంబరులో ఆ చర్చికి నూరేండ్లు నిండినవి. దినపత్రికలలో రంగుల బొమ్మలు వచ్చినవి. అమ్మీ ఒక బొమ్మను కంటికి చాలా దగ్గరగా పెట్టుకొని చూస్తూ కూర్చున్నది. నేను వెంటనే గొప్ప కుమారుని వలె, "క్రిస్‌మస్ నాడు నాకు సెలవే గదా, పోదాం పద అమ్మీ" అన్నాను. అప్పుడు నా ఆలోచన అంతమాత్రమే. సెలవు నాకు ఉన్న నాడు లోకమంతటికీ ఉంటుందని గాని, నూరేండ్ల పండుగ నాడు ఆ గుడి ఎవరి కోసం తెరచి ఉంటుందో గాని ఆలోచించలేదు.

డిసెంబరు 25న మేము మెదక్ చేరేసరికి మధ్యాహ్నమైనది. ఊరి బయటి నుండే బండ్లు బారులు తీరి ఉన్నవి. బస్సు దిగి నడక సాగించినాము. కర్ణాటక నుండి, మహారాష్ట్ర నుండి వచ్చిన కుటుంబాలు, చంకలో పిల్లలు, నెత్తిన మూటలు, చేతిలో కొవ్వొత్తులు. ఆవరణలోకి అడుగు పెట్టిన తరువాత మేము నడవలేదు, జనమే మమ్మల్ని నడిపినారు. అమ్మీ నా చేయి గట్టిగా పట్టుకొనే ఉన్నది. ఒకచోట రెండు గుంపులు ఎదురెదురుగా వచ్చి కలిసినవి. మరుక్షణం చూస్తే నా చేతిలో ఆమె చేయి లేదు.

ఇరువది నిమిషాలు. గడియారంలో అది చాలా తక్కువ కాలం. ఆ ఇరువది నిమిషాలలో నేను ఎందరి ముఖాల్లోకి చూచినానో, ఎన్నిసార్లు "అమ్మీ" అని అరచినానో చెప్పలేను. చివరకు ఒక బొమ్మల దుకాణం ప్రక్కన, దుకాణదారు ఇచ్చిన పీట మీద ఆమె కూర్చొని కనిపించినది. ఒక కాలి చెప్పు లేదు. మోచేయి గీరుకొని పోయినది. నన్ను చూచి ఏడ్వలేదు. "బేటా, మనుషులు గోడలలో నుండి పుట్టుకొని వచ్చినట్లు మీద పడుతున్నారు. ఎక్కడి నుండి వస్తున్నారో నాకు తెలియడం లేదు" అన్నది. నేను దానిని భయం చేత అన్న మాట అనుకొన్నాను. చర్చి గోపురాన్ని దూరం నుండి ఒకసారి చూచి, లోపలికి పోకుండానే తిరుగు బస్సు ఎక్కినాము.

అది భయం చేత అన్న మాట కాదని జనవరిలో తెలిసినది. అద్దాలు మార్పించడానికని కంటి వైద్యుని దగ్గరకు తీసుకొని పోయినాను. ఆయన చాలాసేపు పరీక్షించి, నీటికాసులు అన్నాడు. కంటిలోని ఒత్తిడి వలన చూపు నరం మెల్లమెల్లగా చెడిపోతుంది. మొదట పోయేది ప్రక్క చూపు. ఎదురుగా ఉన్నది కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి రోగికి చాలా కాలం తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు. చుక్కల మందు వేస్తూ ఉంటే ఉన్నదానిని కొంతకాలం కాపాడుకోవచ్చు. ఈ మాటలన్నీ ఆయన అమ్మీ ఎదుటనే చెప్పినాడు. గోడలలో నుండి మనుషులు పుట్టుకొని రావడం అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైనది. అట్లాంటి కన్నులు గల మనిషిని నేను లక్ష మంది నడుమకు తీసుకొని పోయినాను.

ఇంటికి వచ్చిన తరువాత అమ్మీ చాయ్ త్రాగుతూ, "చూడవలసినవి మూడు ఉన్నవి" అన్నది. ఒకటి ఆ చర్చి లోపలి భాగం. రెండు, పుట్టిన ఊరి చెరువు. మూడు, నా కూతురి పెండ్లి. నా కూతురు ఇప్పుడు ఒకటవ తరగతి చదువుతున్నది. "మూడవది అల్లా చేతిలో ఉన్నది. చెరువు ఎక్కడికీ పోదు. మొదటిది ముందు చూపించు. అక్కడి కిటికీల అద్దాలకు వెలుతురు కావాలట. నా కంటికీ వెలుతురే కావాలి" అన్నది.

ఈసారి నేను బుద్ధిగా కూర్చొని ఒక వాడని జవాబు పత్రం తీసికొని తేదీలు వ్రాయడం మొదలుపెట్టినాను. నా జీవితంలో ఏ పరిశోధన పత్రానికీ ఇంత శ్రద్ధ పెట్టలేదని ఒప్పుకొంటున్నాను.

మొదట వారాలు. ఆదివారం వారి ఆరాధన దినం, కాబట్టి కొట్టివేసినాను. శుక్రవారం మా జుమా, దానినీ కొట్టివేసినాను. శనివారం హైదరాబాదు నుండి కార్లు బయలుదేరే దినం. అందులోనూ రెండవ శనివారమైతే చెప్పనక్కరలేదు. సోమవారం వరుస సెలవుల తోక. మిగిలినవి మంగళ, బుధ, గురువారాలు. తరువాత నెలలు. జనవరిలో సంక్రాంతి సెలవులు, గణతంత్ర దినం, పాఠశాలల విహారయాత్రలు. ఫిబ్రవరి 26 శివరాత్రి. మెదక్ సమీపాన మంజీర ఏడు పాయలుగా చీలిన చోట వనదుర్గమ్మ సన్నిధిలో ఏడుపాయల జాతర జరుగుతుంది. ఆ దినాలలో ఆ ప్రాంతపు బస్సులలో కాలు పెట్టడానికి చోటుండదు. మార్చి 2 నుండి మాకు రంజాన్ ఉపవాసాలు. మార్చి 5 నుండి క్రైస్తవులకు లెంట్ దినాలు, వాటి చివర గుడ్ ఫ్రైడే, ఈస్టర్. అక్కడి నుండి మెదక్ ఎండలు. జూన్ దాటితే మబ్బులు. మబ్బు పట్టిన నాడు రంగుటద్దాలు వట్టి అద్దాలే. అంతవరకు ఆగితే అమ్మీ చూపు ఎంత మిగిలి ఉంటుందో ఏ పంచాంగమూ చెప్పదు.

అన్నీ తీసివేయగా ఫిబ్రవరి మొదటి పక్షం మిగిలినది. ఆకాశం నిర్మలంగా ఉంటుంది. చలి తగ్గి, ఎండ ముదరని కాలం. పదవ తరగతి పిల్లలు పరీక్షల దిగులులో ఉంటారు కాబట్టి విహారయాత్రల సందడి ఉండదు. కళాశాలలో అప్పుడు ఇంటర్మీడియట్ ప్రయోగ పరీక్షలు. భౌతిక, రసాయన శాస్త్రాల మిత్రులు ఊపిరి సలపకుండా ఉంటారు. తెలుగు ఉపన్యాసకునికి ప్రయోగశాల లేదు. ఈ లోటు నాకు మేలు చేసిన సందర్భం ఇది ఒక్కటే. ఫిబ్రవరి 11, మంగళవారం అని నిర్ణయించి సెలవు చీటీ వ్రాసినాను.

అయినా ఒకసారి మోసపోయినవాణ్ణి గనుక, మెదక్ వాస్తవ్యుడైన నా పూర్వ విద్యార్థికి ఫోను చేసినాను. అతడు ఆ చర్చి సంఘంలో పెరిగినవాడు. "సార్, ఆ నాడు పెండ్లి గాని, ప్రత్యేక ఆరాధన గాని ఉన్నదేమో ముందు కనుక్కొంటాను. మీరు తేదీ చూచుకొన్నారు గాని పెండ్లి ముహూర్తాలు చూచుకోలేదు" అని నవ్వినాడు. నిజమే. నా జవాబు పత్రంలో ఆ ప్రశ్నకు జవాబు లేదు. రెండు దినాల తరువాత తానే ఫోను చేసి, "ఏమీ లేవు సార్, పొద్దున్నే రండి. ఎండ పైకి వస్తుంటే ఒక కిటికీ, దిగుతుంటే ఇంకొకటి బాగుంటుంది. అమ్మగారిని తొందర పెట్టకండి" అన్నాడు. మేము చదువు చెప్పిన పిల్లలు మాకు బుద్ధి చెప్పే దినం రావడం ఉపాధ్యాయ వృత్తిలోని భాగ్యాలలో ఒకటి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సందడి తప్పించుకోవడం అంటే జనాన్ని ఏవగించుకోవడం అని నా మొదటి ఊహలో ఉండేది. డిసెంబరు నాటి కోపం అది. తరువాత ఆలోచిస్తే సిగ్గు వేసినది. 1694లో పూర్తయిన మన మక్కా మసీదుకు రంజాన్ చివరి శుక్రవారం నాడు, జుమ్మతుల్ విదా నమాజు వేళ, ఎవరైనా స్తంభాల చెక్కడం చూడటానికి వచ్చి, ఇంత రద్దీ ఏమిటని విసుగుకొంటే మనం ఏమనుకొంటాం? ఆ నాడు ఆ సఫులలో నిలబడినవారిది ఆ మసీదు. చూడవచ్చినవాడు అతిథి. అతిథి వేళ చూచుకొని రావాలి. డిసెంబరు 25న ఆ చర్చి ఆవరణలో ఉన్న జనం చూడవచ్చినవారు కారు. కొడుకుకు ఉద్యోగం కావాలని, కడుపు పండాలని, రోగం నయం కావాలని మొక్కుకొని వచ్చినవారు. వారి నూరేండ్ల పండుగ భోజనానికి పిలవని చుట్టం వలె నడిమధ్యాహ్నం దిగినది నేను. మన పెద్దలు అదబ్ అనే మాటకు ఎన్నో అర్థాలు చెప్పినారు. ఇతరుల ఆరాధన వేళను వారికి విడిచిపెట్టడం కూడా అందులో ఒకటని నాకు తోచినది.

ఫిబ్రవరి 11 తెల్లవారుఝామున ఫజర్ నమాజు చేసుకొని జూబ్లీ బస్ స్టేషనుకు చేరినాము. 2022 సెప్టెంబరులో అక్కన్నపేట నుండి మెదక్ దాకా రైలు మార్గం ప్రారంభమైనది గాని, అమ్మీ బస్సునే కోరినది. ఆధార్ కార్డు చూపి సున్నా టిక్కెట్టు తీసుకోవడం 2023 డిసెంబరు నుండి ఆమెకు ఒక వేడుక. నర్సాపూరు అడవి దాటుతున్నప్పుడు ఆమె కిటికీ వైపు తల పూర్తిగా త్రిప్పి చూస్తూ ఉన్నది. ఇంతకాలం ఆమె అట్లా తల త్రిప్పి చూడటాన్ని నేను గమనించలేదు. ప్రక్క చూపు పోయినవారు కంటితో చూడవలసినదానిని మెడతో చూస్తారు.

మెదక్ అసలు పేరు మెతుకు దుర్గమని, ఈ సీమను మెతుకు సీమ అనేవారని చెబుతారు. మెతుకు అంటే అన్నపు గింజ. కాకతీయుల నాటి కోట ఇక్కడ కొండ మీద ఉన్నది. కుతుబ్‌షాహీల కాలపు మసీదు ఆ కోటలో ఉన్నది. అన్నం పేరు పెట్టుకొన్న సీమలో అన్నం దొరకని కాలంలో ఈ చర్చి లేచినది. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మెథడిస్టు ప్రచారకుడు 19వ శతాబ్ది చివర ఈ ప్రాంతానికి వచ్చి స్థిరపడినాడు. 1914లో నిర్మాణం ఆరంభమైనది. అదే సంవత్సరం ఐరోపాలో మహాయుద్ధం మొదలైనది. 1918లో దక్కనులో వానలు లేవు, పైగా ఇన్‌ఫ్లూయెంజా ఊళ్ళను ఊడ్చివేసినది. ఆ కరువు దినాలలో పాస్నెట్ చుట్టుప్రక్కల పల్లెల జనానికి ఈ కట్టుబడిలో పని ఇచ్చి కడుపు నింపినాడు. పదేండ్లు సాగిన పని ముగిసి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. 1947లో దక్షిణ భారత సంఘం ఏర్పడిన తరువాత ఇది ఆ సంఘపు మెదక్ అధ్యక్ష మండలానికి ప్రధానాలయమైనది.

చరిత్రకారులు ఆ కట్టడాన్ని గాథిక్ శైలి అంటారు. రెండు వందల అడుగుల పొడవు, నూరు అడుగుల వెడల్పు, నూట డెబ్బది అయిదు అడుగుల ఎత్తైన గంట గోపురం, ఒకేసారి అయిదు వేల మంది కూర్చోగల చోటు. ఆ గోపురం చార్మినారు కన్న ఎత్తని కొందరు, కాదని కొందరు, ఆ విషయమై నిజాం ప్రభుత్వం అభ్యంతరం చెప్పినదని మరికొందరు కథలు చెప్పుకొంటారు. మా ఇంటి కథలో ఇవేవీ లేవు. ఆ ఏడు గిత్త చచ్చినదని, అయినా పొయ్యి ఆరలేదని మాత్రం ఉన్నది. మా అమ్మీ దాదాకు ఈ పనిలో కూలి ఇచ్చినవారు ఆయన మతం అడిగినారని మా ఇంటిలో ఎవరూ చెప్పగా వినలేదు.

తొమ్మిదిన్నరకు ఆవరణలో దిగినాము. డిసెంబరులో నేను చూచిన చోటు ఇదేనా అనిపించినది. చెట్ల క్రింద ఎండుటాకులు, దూరాన ఎవరో చీపురుతో ఊడుస్తున్న చప్పుడు, గోపురం మీద పావురాలు. నలుగురైదుగురు మనుషులు. అమ్మీ తల ఎత్తి గోపురాన్ని క్రింది నుండి పైదాకా మెల్లగా చూచినది. ద్వారపు వంపును చూచి, "మసీదు కమాను లాగే మొన తేలి ఉన్నది" అన్నది. ఎక్కడో ఉత్తర దేశపు తాపీవాని ఊహ, మన దక్కను తాపీవాని ఊహ ఆ మొన దగ్గర కలిసినవి. ఆ మాట పుస్తకాలు చదివిన నాకు తోచలేదు.

చెప్పులు బయట విడిచి మెట్లెక్కినాము. లోపల ఊడుస్తున్న ఒక ముసలమ్మ మమ్మల్ని చూచి చీపురు ప్రక్కన పెట్టి వచ్చినది. నేను ఏమీ చెప్పకముందే అమ్మీ నడక చూచి తెలుసుకొన్నది కాబోలు. "పైలం అవ్వా, ఈడ గడప ఉన్నది" అంటూ మోచేయి పట్టుకొన్నది. నలుబది ఏండ్లుగా అనేక కళ్ళజోళ్ళు మార్చిన మా కుటుంబంలో ఎవ్వరమూ గమనించనిది ఆమె ఒక్క చూపులో గమనించినది.

బయటి ఎండ నుండి లోపలికి వస్తే అమ్మీకి మొదట ఏమీ కనిపించలేదు. ఇది నేను ముందే ఊహించినాను. వెనుక బల్ల మీద కూర్చోబెట్టి, "పది నిమిషాలు కళ్ళు మూసుకో" అన్నాను. జనం ఉన్న నాడు పది నిమిషాలు ఒకచోట ఎవరు కూర్చోనిస్తారు? ఆమె చేతిలో తస్బీహ్ మెల్లగా కదులుతున్నది. నేను ఆ విశాలమైన మందిరాన్ని చూస్తూ ఉన్నాను. బూడిద వన్నె రాతి స్తంభాలు, పైన కమానుల కప్పు. నేల మీద బ్రిటన్ నుండి తెప్పించిన రంగు పలకలు. వాటిని పరచడానికి ఇటలీ పనివారు వచ్చినారట. నున్నగా, చల్లగా ఉన్నవి. దుమ్ము కాళ్ళ దాదా ఎందుకు సంకోచించినాడో నా పాదాలకు తెలిసినది.

అమ్మీ కళ్ళు తెరచినది.

ఆ చర్చిలో మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు ఉన్నవి. ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించినవి. వేదిక పైన యేసు పరలోకానికి ఆరోహణమయ్యే దృశ్యం. రెండు ప్రక్కల రెక్కలలో ఒకదాన జననం, మరొకదాన శిలువ. బయట వెలుగు ఉంటేనే అవి లోపలివారికి పలుకుతాయి. ఆ వేళ ఎండ ఏటవాలుగా వచ్చి నీలం, ఎరుపు, పసుపు వన్నెలుగా మారి లోపలికి దిగుతున్నది. అమ్మీ మొత్తం కిటికీని ఒక్కసారిగా చూడలేదు. ఆమె చూపు ఇప్పుడు ఒక గొట్టంలో నుండి చూచినట్టిది. తలను మెల్లగా పైకి, క్రిందికి, ఈ ప్రక్కకు, ఆ ప్రక్కకు త్రిప్పుతూ ముక్కముక్కగా చూచినది. పావు గంటకు ఒక కిటికీ పూర్తయినది. అందరం ఒక్క క్షణంలో చూచి, బాగున్నదని చెప్పి ముందుకు పోయేదానిని ఆమె పావు గంట చూచినది. ఆ నాడు నిజంగా చూచినది ఆమె ఒక్కతే అని నా నమ్మకం.

జననపు కిటికీ ముందు చాలాసేపు నిలబడి, "ఖర్జూరపు చెట్టు ఎక్కడ?" అని అడిగినది. మన ఖురానులో మరియం పేరిట ఒక సూరా ఉన్నది గదా. ప్రసవవేదనలో ఆమె ఒంటరిగా ఖర్జూరపు చెట్టు మొదలున చేరుకోవడం, పండ్లు రాలడం అందులో ఉన్నవి. చిన్ననాటి నుండి అమ్మీ మనసులో ఆ చెట్టు ఉన్నది. "వారి గ్రంథంలోని కథనంలో ఆ చెట్టు లేదు అమ్మీ. సత్రంలో చోటు దొరకక బిడ్డను పశువుల తొట్టిలో పడుకోబెట్టినారని ఉన్నది" అని చెప్పినాను. ఆమె కొంతసేపు ఊరకున్నది. "చోటు దొరకలేదా, పాపం. పచ్చి బాలింత" అన్నది.

శిలువ కిటికీ ముందు నేను కొంచెం తడబడినాను. అక్కడ మా విశ్వాసం వేరు, వారి విశ్వాసం వేరు. అమ్మీకి ఆ భేదం నాకన్న బాగా తెలుసు. ఆమె ఆ ప్రసంగమే ఎత్తలేదు. "ఏ తల్లీ చూడలేనిది" అని మాత్రం అని, కొంగు సర్దుకొని మరలినది. నేను నా తరగతిలో పరమత సహనం అనే వ్యాసాన్ని ఎన్నోసార్లు వ్రాయించినాను. సహనం అనే మాటలో కొంత బరువు ఉన్నది, ఏదో భరిస్తున్నట్లు. అమ్మీ అక్కడ దేనినీ భరించలేదు. తన నమ్మకాన్ని తన దగ్గర ఉంచుకొని, ఎదుటివారి తల్లి దుఃఖం దగ్గర ఒక నిమిషం నిలబడినది.

బయటికి వచ్చే ముందు ఒక స్తంభం దగ్గర ఆగి, రాతి మీద అరచేయి ఆనించినది. "ఇదేనేమో" అన్నది. అది లోపలి స్తంభమనీ, దాదా చూపినది బయటి గోడనీ నేను చెప్పబోయి మానుకొన్నాను. ఆయనే "ఏదో ఒకటి" అన్నాడు గదా. ఊడ్చే ముసలమ్మ విషయం తెలుసుకొని, "మా మామ గూడ ఈడ రాయి మోసిండని మా అత్త చెప్తుండె" అన్నది. వారిద్దరూ బల్ల మీద కూర్చొని కరువు కథలు మాట్లాడుకొన్నారు. ఒకరి కథలో పేరు మారుతుంది గాని, గంజి మారదు.

జొహర్ నమాజు వేళకు చెట్టు నీడలో అమ్మీ జానిమాజ్ పరచుకొన్నది. పనివారు ఎవరూ వద్దనలేదు. ఆకులు ఊడ్చేవాడు ఆ ప్రక్కకు దుమ్ము రాకుండా చీపురును మరొక దిక్కుకు త్రిప్పినాడు.

సాయంత్రం బస్సులో ఆమె అలసి నిద్రపోయినది. నేను నా జవాబు పత్రం తీసి, కొట్టివేసిన తేదీలన్నీ చూచుకొన్నాను. డిసెంబరులో నేను ఆమెకు ఇవ్వదలచినది ఒక వేడుక. ఫిబ్రవరిలో ఇవ్వగలిగినది పది నిమిషాల చీకటి, ఒక పావు గంట వెలుతురు, కూర్చోవడానికి ఒక ఖాళీ బల్ల. వాటి కోసమే ఇన్ని తేదీలు కొట్టివేయవలసి వచ్చినది.

ప్రియమైన విద్యార్థులారా, మీలో ఎవరైనా ఇంటి పెద్దవారిని ఏదైనా పుణ్యస్థలానికో, పురాతన కట్టడానికో తీసుకొని పోదలచుకొంటే, మొదట ఆ స్థలం వారి పండుగలు తెలుసుకొనండి, మన పండుగలు చూచుకొనండి, వాన, ఎండలు చూడండి, అక్కడి మనిషిని ఒకరిని అడగండి. అన్నింటికన్న ముందు, తీసుకొని పోతున్నవారి నడకను, చూపును ఒకసారి శ్రద్ధగా గమనించండి. నేను ఈ చివరిదానిని మొదట చేసి ఉంటే డిసెంబరు నాటి ఆ ఇరువది నిమిషాలు నా జీవితంలో ఉండేవి కావు.

అమ్మీ కంటి చుక్కలు ఇప్పుడు రోజూ రాత్రి నేనే వేస్తున్నాను. చూపు ఉన్నచోటనే నిలిచి ఉన్నదని వైద్యుడు చెప్పినాడు. జాబితాలో రెండవది చెరువు. దానికి వేళ చూస్తున్నాను. చెరువు నిండి ఉండాలి, ఆకాశం తెరపి ఇవ్వాలి, గట్టు మీద బురద ఆరి ఉండాలి. జవాబు పత్రంలో రెండవ పుట ఇంకా ఖాళీగానే ఉన్నది.